మైకు బాగానే ఉంది

పదకొండింటికల్లా సంతకం పెట్టి ఇవ్వమన్నారు. ఇప్పుడు పది దాటి ఐదు నిమిషాలు. అంటే నాకూ ఈ కాగితానికీ మధ్య ఇంకా యాభై ఐదు నిమిషాలున్నాయి, కాగితం తెల్లగా ఉంది, నేను తెల్లబోయి ఉన్నాను, ఇద్దరం మంచం మీద ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నాం. పైన నా పేరు, పక్కన వయసు అరవై నాలుగు, దాని కింద స్వరపేటికను పూర్తిగా తొలగించుటకు అని ఒక ముక్క, చివర ఖాళీ గీత. స్వరపేటిక ముందే ఇచ్చేస్తే శవపేటిక కొన్నాళ్ళు ఆగుతుందన్నమాట అని పొద్దున డాక్టరమ్మతో అంటే ఆమె నవ్వలేదు. మా అమ్మాయి కన్నా రెండేళ్ళు చిన్నదే అయ్యుంటుంది, పెదవి కొరుక్కుని కాగితంలోకి చూసింది, నవ్వొచ్చి ఆపుకుందో ఏడుపొచ్చి ఆపుకుందో ఆ వయసు వాళ్ళలో తెలియదు. తర్వాత నెమ్మదిగా, నాకు అర్థమయ్యేదాకా రెండుసార్లు చెప్పింది: "రెండు దారులున్నాయండీ. ఆపరేషన్ చేస్తే మాట పోతుంది, మనిషి ఉంటారు. రేడియేషన్ కిరణాలతో ప్రయత్నిస్తే మాట ఒక ఏడాది ఉండొచ్చు, మనిషి గురించి మాత్రం నేను మాట ఇవ్వలేను." ఆ తల్లికి తెలియకుండానే ఎంత బాగా కుదిరిందో చూడండి, మాట ఇవ్వలేనిది ఆమె, మాట ఇచ్చేయాల్సింది నేను. రేపటి ఆపరేషన్ల జాబితా పదకొండింటికి మూసేస్తారట. ఆ తర్వాత మళ్ళీ రెండు వారాల దాకా ఖాళీ లేదట, గొంతులోది రెండు వారాలు ఊరికే కూర్చునే రకం కాదట.

మా ఆవిడ కింద లాబ్‌లో రక్తం రిపోర్టు కోసం వెళ్ళింది. కిటికీ అవతల ఆస్పత్రి వెనక గోడ, గోడ మీద నీళ్ళ పైపులు, పైపుల మీద ఒక పావురం, అది కూడా గొంతులో ఏదో అడ్డం పడ్డట్టే కూస్తోంది, నువ్వూ చూపించుకోవమ్మా, ఆలస్యం చేయకు. వరండాలో స్పీకరు. టోకెన్ నంబరు నలభై ఏడు, టోకెన్ నంబరు నలభై ఏడు. ఎవరో అమ్మాయి, గొంతు మంచిదే, కాని ప్రతి మాటా చివర మింగేస్తోంది, నలభై ఏ అని, మిగిలింది భోజనం ముందు ఆకలికి తినేసినట్టు. అలా కాదమ్మా. ఏదైనా రెండుసార్లు చెప్పాలి, మొదటిసారి చెవులు లేవడానికి, రెండోసారి మనిషి లేవడానికి. రెంటి మధ్య ఒక గుక్క ఆగాలి. ఏడు అన్న అంకె దగ్గర మరీ జాగ్రత్త, గట్టిగా అంటే జనాన్ని ఏడవమన్నట్టుంటుంది, మెత్తగా అంటే ఆరో ఏడో తేలదు, అందుకే నేను ఏడో నంబరు ప్లాట్‌ఫారం అనేటప్పుడు కొంచెం నవ్వుతూ అనేవాణ్ణి. మొహంలో నవ్వు ఉంటే మాటలోకి వస్తుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళు బస్టాండులో అనౌన్సర్ని, రిటైరయ్యాక కూడా మనిషి రిటైరయ్యాడు గాని గొంతు కాలేదు కదా అని మేనేజరు పొద్దుటి పూట రమ్మన్నాడు. వెళ్ళాను. పిలవకపోయినా వెళ్ళేవాణ్ణేమో.

తెల్లవారుజామున ఐదున్నరకు మొదటి అనౌన్సుమెంటు, అప్పటికి బస్టాండులో మనుషులు పదిమంది, కుక్కలు పన్నెండు. మంచు. కొండ దారి బస్సు ఇంజను వేడెక్కుతూ గురక పెడుతూ ఉండేది. అప్పుడు మీట నొక్కి, దయచేసి వినండి, అనగానే ఆ మాట ప్లాట్‌ఫారాలన్నీ దాటి, టిక్కెట్ల కిటికీలు దాటి, గ్యారేజీ గోడకి తగిలి, వినండి అని నా దగ్గరికే తిరిగొచ్చేది. అంత పెద్ద జాగాని నేనొక్కణ్ణే ఒక్క మాటతో నింపేశానన్న సంగతి నాకూ ఆ గోడకీ తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఈ మంచం మీద కూర్చుని తలుచుకుంటే కావాలనిపించేది అదొక్కటే, జీతం కాదు, సన్మానం రోజున కప్పిన శాలువా కాదు, ఆ తిరిగొచ్చే చివరి అక్షరం. ఒక్క పొద్దున, ఒక్క మంచు పొద్దున, కొండ దారి బస్సు బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది. ఇప్పుడే అందామని నోరు తెరిచాను, రంపం పెట్టిన చెక్కలాంటి చప్పుడొచ్చింది. పక్క మంచం మీది పెద్దాయన నీళ్ళు కావాలేమో అనుకుని తన సీసా అందించాడు. తాగాను, కాదనడానికి కూడా గొంతు ఖర్చవుతుంది కదా.

మొన్నటి ఎండాకాలంలో గొంతు బొంగురుపోయింది. ఇంకో వృత్తివాడైతే, గొంతు పాడైంది, డాక్టరు దగ్గరికి పోదాం అనుకుంటాడు. నేననుకోలేదు. నాకు నా గొంతు వినబడేదే స్పీకర్లోంచి, ఇన్నేళ్ళుగా నన్ను నేను బయట కట్టిన ఆ పెద్ద బాకాల్లోంచే విన్నాను, కనుక మైకు పాడైందనుకున్నాను. మార్చమన్నాను, మార్చారు. కొత్త మైకులోనూ గరగర. ఈ కంపెనీలన్నీ ఒకటే అని తిట్టి ఇంకోటి తెప్పించాను. అదీ అంతే. కరెంటు సరిగా లేదన్నాను, తీగలు పాతవన్నాను, వానాకాలం వచ్చాక తేమ అన్నాను, ఇంటికొచ్చి మా ఆవిడతో గంటసేపు మైకుల నాణ్యత గురించి ఉపన్యాసం ఇచ్చాను, ఆ ఉపన్యాసమూ అదే గరగరతో ఇచ్చాను, మధ్యలో మైకు లేదు గదా అన్న ఆలోచన నాకు రాలేదు. ఆవిడ ఏదో అనబోయింది. నేను చెప్పడం ఆపలేదు. మూడో మైకు కూడా మార్చమన్నప్పుడు మెకానిక్కు, నాకన్నా పదేళ్ళు చిన్నవాడు, నన్ను అన్నా అంటాడు, దాన్ని విప్పి, లోపల ఊది, మళ్ళీ బిగించి, తన నోటి దగ్గర పెట్టుకుని పలక్ అని నాలుక చప్పుడు చేశాడు. బస్టాండంతా శుభ్రంగా పలక్ అంది. చేతులు తుడుచుకుంటూ నా వైపు చూడకుండా అన్నాడు, "మైకు బాగానే ఉందన్నా. ఒకసారి గొంతు చూపించుకో." మూడు మైకులు, ఐదు నెలలు. ఆ ఐదు నెలలే ముందొచ్చి ఉంటే కిరణాలతోనే పోయేదన్నారు ఇక్కడ. డాక్టరమ్మ మైకుల సంగతి విని ఈసారి నిజంగానే నవ్వింది, తర్వాత నవ్వినందుకు క్షమించమంది. క్షమించడానికేముందమ్మా, నేను చెప్పిందే అందుకు.

ఊరికే ఉండలేక మా అమ్మాయి ఫోనిచ్చి వెళ్ళింది నిన్న, నాన్నా నీ గొంతు దాచుకుందాం, నీకిష్టమైనవన్నీ చెప్పు, మనవరాలికి కథలు చెప్పు అని. సరే అని ఎర్ర చుక్క నొక్కాను. నొక్కగానే వెన్ను నిటారైంది, గొంతు సవరించుకున్నాను, ప్రయాణికులకు విజ్ఞప్తి అని మొదలెట్టాను. ఆపి, మళ్ళీ నొక్కాను. అనగనగా ఒక రాజు, ఆ రాజు నాలుగో నంబరు ప్లాట్‌ఫారం మీద. ఆరుసార్లు ప్రయత్నించాను, ఆరుసార్లూ రాజు బస్సెక్కే వెళ్ళాడు, గుర్రం గుర్తుకే రాలేదు. లక్షల మందికి దారి చెప్పినవాణ్ణి, ఒక్క పిల్లకి చెప్పడానికి నా దగ్గర మామూలు మాట ఒక్కటి లేకపోయింది. అందరికీ వినబడేలా మాట్లాడి మాట్లాడి ఒకరికి వినబడేలా మాట్లాడటం మరిచిపోయానేమో, లేక మొదట్నుంచీ రాదేమో. అమ్మాయి మాత్రం ఆ ఆరూ దాచుకుంది. నవ్వుతూ దాచుకుంది, గది బయటికి వెళ్ళాక నవ్వలేదు, తలుపు సందులోంచి చూశాను.

మొన్న ఒకాయన వచ్చాడు. మెడకి తెల్లటి గుడ్డ, చేతిలో పిల్లల పలక. లెక్కల మాస్టారట, నాలుగేళ్ళ కిందట ఇదే ఆపరేషన్ అయింది, కొత్తగా చేయించుకోబోయే వాళ్ళ దగ్గరికి డాక్టరమ్మ అడిగితే వారానికొకసారి వచ్చి కూర్చుంటాడు. మెడ దగ్గర పెట్టుకుంటే మాట్లాడే మిషను ఆయన సంచిలో ఉంది, కాని దాని గొంతుతో ఎక్కాలు చెబితే పిండిమర ఎక్కాలు చెప్పినట్టుంటుందని పలకే వాడతాడు. రాసి చూపించాడు: ముప్ఫై ఏళ్ళు క్లాసులో సైలెన్స్ అని అరిచాను. నేనూ, నర్సూ, పక్క మంచం పెద్దాయనా తలలు వంచి చదివాం. ఆయన తీరుబడిగా తుడిచి, మళ్ళీ రాశాడు, సుద్దముక్క కిచకిచలాడుతూ ఉంటే ముగ్గురం ఊపిరి బిగబట్టుకుని ఉన్నాం. ఇప్పటికి వచ్చింది. నర్సు పగలబడి నవ్వింది. నాకు నవ్వుతో పాటు కుళ్ళు పుట్టింది. నా జోకుకి ఎవరూ అలా వంగలేదు, వంగాల్సిన అవసరమేముంది, పక్క వీధి దాకా వినబడేది. ఏది లేక బాధ పడతారు మాస్టారూ అనడిగాను. ధైర్యం చెప్పే మాటలేవో రాస్తాడనుకున్నాను, ఈల అని రాశాడు. తుడిచాడు. వేడి టీ ఊదుకోవడం అని రాశాడు. గాలి ఇక నోట్లోంచి రాదు కదా, మెడలోంచే పోతుంది, అందుకని ఊదడం కుదరదట. మరేం చేస్తారు అన్నాను. పలక తుడిచాడు. తర్వాత చిన్న అక్షరాలతో: చల్లారేదాకా ఆగుతాను. ఆగడం నేర్చుకున్నాక టీ రుచి కూడా కొంచెం తెలుస్తోంది. వాసన తెలియదు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి వెనక్కొచ్చి ఇంకొకటి రాశాడు: మీ భయం ఏమిటి? చావు అని కొట్టిపారేద్దామనుకున్నాను, దాని మీద పంచి పెట్టడానికి నా దగ్గర అరడజను చెణుకులు సిద్ధంగా ఉన్నాయి. ఆయన పలక అలాగే పట్టుకుని నిలబడ్డాడు. లెక్క తప్పు చేసిన పిల్లవాడి దగ్గర నిలబడ్డట్టు. నేను గోడ వైపు తిరిగాను.

ఇప్పుడు చెబుతాను, అడిగేవాళ్ళెవరూ లేరు కనుక. మా ఆవిడ. ఆమె లైబ్రరీలో పని చేసి రిటైరైంది, నిశ్శబ్దం పాటించండి అన్న బోర్డు కింద ముప్ఫై ఏళ్ళు కూర్చుని సాయంత్రం ఇంటికొస్తే నేను. నేనే సందడి, నేనే కబురు, నేనే రేడియో, పెళ్ళిళ్ళలో చుట్టాలు ఆమె పక్కన నన్ను చూసి, అమ్మయ్య, నువ్వొచ్చావు, ఇంక పొద్దు పోతుంది అనేవాళ్ళు. నేనిచ్చిందంతా నోటితోనే ఇచ్చాను, చీరలు ఎంచడం రాదు, వంట రాదు, జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వెయ్యడానికి బదులు జ్వరం మీద జోకు వేశాను. ఆ నోరు తీసేస్తే మిగిలేది ఏమిటి, కుర్చీలో కూర్చునే ఒక బరువు, మెడలో ఒక కన్నం. అలాంటి నన్ను ఆమె ఏం చేసుకుంటుంది. అలా మిగిలే కన్నా ఒక ఏడాది గరగరలాడుతూనే ఆమెని నవ్వించి పోతే నయం కదా. ఇదీ నా లెక్క. మాస్టారికి చూపిస్తే సున్నా వేస్తాడేమో. గోడ గడియారంలో పదిన్నర. పావురం లేదు, ఎప్పుడు ఎగిరిందో చూడలేదు. కిరణాల వైపే మనసు మొగ్గుతోంది, ఈ కాగితం వెనక్కి ఇచ్చి, ఇంకో కాగితం ఉంటే ఇవ్వండి అనాలి, ఆ మాట అనడానికి గొంతు చాలు.

మా ఆవిడ వచ్చింది. మెట్లెక్కి వచ్చినట్టుంది, ఆయాసం, లిఫ్టు దగ్గర క్యూ ఎక్కువట. రిపోర్టు బాగుందట. కాగితం వైపు చూసింది, ఖాళీ గీత చూసింది, నా దిండు సరిచేసి కూర్చుంది. నర్సు మందు గ్లాసు ఇస్తూ, మీది ప్రేమ పెళ్ళంట కదా అమ్మా, అయ్యగారు నిన్న చెప్పారు, బస్సు తప్పించి మరీ పట్టుకున్నారంట కదా అంది. ఆ కథ నేను వెయ్యిసార్లు చెప్పి ఉంటాను. ఉద్యోగంలో చేరిన మొదటి వారం, మూడో ప్లాట్‌ఫారం మీది బస్సుని రెండో ప్లాట్‌ఫారం అని చెప్పాను, ఒకమ్మాయి బస్సు తప్పిపోయింది, ఆ అమ్మాయి మర్నాడు ఫిర్యాదు పుస్తకం అడుగుతూ నా గదికొచ్చింది, నేను పుస్తకం ఇవ్వకుండా మైకు పట్టుకుని బస్టాండు మొత్తానికి వినబడేలా ఆమెకి క్షమాపణ చెప్పాను, జనం చప్పట్లు కొట్టారు. మొదట్లో ఆ జనం పదిమంది, మా అమ్మాయి పెళ్ళి నాటికి రెండు వందలమంది అయ్యారు. ఆ గొంతు విని పడిపోయింది అని ముగించేవాణ్ణి, విన్నవాళ్ళు ఆమె వైపు చూసేవాళ్ళు, ఆమె ప్రతిసారీ, అసలు అలా కాదు, అని మొదలుపెట్టేది, ఎలా అయితేనేం పడింది కదా అని నేను అందుకునేవాణ్ణి, అందరూ నవ్వేవాళ్ళు, ఆమె కూడా. ఇప్పుడూ ఆమె నర్సుతో, అసలు అలా కాదమ్మా, అంది. అని ఆగింది. అలవాటు కొద్దీ ఆగింది. ఆమె ఆగేది నేను అందుకోవడానికని, నలభై ఏళ్ళుగా ఆ ఆరంభం తర్వాత ఆమె ఒక్క మాట కూడా పూర్తి చేయలేదని, నా నోట్లో ఆ చెణుకు తయారుగా ఉండగానే నాకు తెలిసింది. దాన్ని మందుతో పాటు మింగాను. నర్సు వెళ్ళిపోయింది. మా ఆవిడ నా వైపు వింతగా చూసింది.

"అసలు ఎలా?" అన్నాను.

కొంగు అంచు మడత పెట్టింది, విప్పింది. తర్వాత లైబ్రరీ గొంతుతో, నేను వంగితే తప్ప వినబడనంత నెమ్మదిగా మొదలుపెట్టింది. మర్నాడు కాదట. ఆ రోజే వచ్చిందట. బస్సు కళ్ళ ముందే వెళ్ళిపోతే, ఇంటర్వ్యూకి ఆలస్యమైందన్న ఒళ్ళుమంటతో నాలుగు దులిపేద్దామని నా గది దాకా వచ్చిందట. ఇది నాకు తెలియని రోజు, నా కథలో లేని రోజు.

"గాజు తలుపు మూసి ఉంది. మీరు లోపల. మైకు ఆపేసి ఉంది, బయట ఏమీ రావడం లేదు. మీ నోరు కదులుతోంది. మూడో నంబరు, మూడో నంబరు అని మీలో మీరే అనుకుంటున్నట్టున్నారు, నుదురు కొట్టుకున్నారు, కళ్ళు తుడుచుకున్నారు. ఉద్యోగం పోతుందని భయం కాబోలు. ఒక్క ముక్క వినబడలేదు నాకు. తలుపు కొడదామని ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది."

నేను ఏడ్చిన సంగతి ఎవరికీ చెప్పలేదు, ఎన్నడూ, కథలో ఎక్కడా పెట్టలేదు. ఆమె దగ్గర నలభై ఏళ్ళుగా ఉంది.

"ఆ దారిలోనే ఇంకో బస్సు పది నిమిషాల్లో వచ్చింది. అదీ వదిలేశాను," అంది. "దాన్ని మీరు తప్పించలేదు. నేనే ఎక్కలేదు."

మర్నాడు ఫిర్యాదు పుస్తకం ఒక సాకట. నేను మైకులో చెప్పిన క్షమాపణ హారన్ల గోలలో సగమే వినబడిందట, చప్పట్లు కొట్టింది ఒకే ఒక్కడు, టిక్కెట్ల గుమాస్తా, అదీ నన్ను ఆటపట్టించడానికట. నా గొంతు అప్పుడు ఎలా ఉండేదో ఆమెకి సరిగా గుర్తు లేదట. మరీ పెద్దగా ఉండేదని మాత్రం గుర్తుందట. ఇదంతా ఎందుకు చెప్పలేదు అని అడగబోయి ఊరుకున్నాను, ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు, వెయ్యిసార్లు మొదలుపెట్టింది. ఎవరి లెక్క తప్పో తేలిపోయింది, గొంతు పోతే పోయేదేమిటో నేను ఇన్నాళ్ళూ స్పీకర్లో విని చెప్పుకున్నాను. గాజు అవతలి మనిషిని నేనెప్పుడూ చూడలేదు. ఆమె చూసింది. ఆ మనిషి గొంతు లేకుండానే ఉన్నాడు.

గుమ్మంలో ఆయమ్మ నిలబడి కాగితం అయిందా అయ్యా, పదకొండు కావొస్తోంది అంది. కలం మూత తీశాను. భయం పోలేదు, ఈల కావాలి నాకు, టీ ఊదుకోవడం కావాలి, మంచు పొద్దున ఆ గోడ నుంచి తిరిగొచ్చే అక్షరం కావాలి, ఇవన్నీ కావాలనిపిస్తూ ఉండగానే గీత మీద నా పేరు వంకరగా రాశాను. ఆయమ్మ తీసుకుని వెళ్ళింది. మా ఆవిడ ఆమె వెళ్ళినంత దూరమూ చూసి, నా వైపు తిరిగింది. నా నోటి నుంచి రావలసిన దాని కోసం కాసేపు ఎదురుచూసింది, అలవాటు ఒక్క పూటలో పోతుందా.

"ఏమీ అనరేం?" అంది.

రేపు పొద్దుటి దాకా ఇంకా గొంతు ఉంది. దేనికి వాడాలో ఇందాకటి దాకా తెలియలేదు.

"రెండో బస్సు వెళ్ళిపోయాక ఏం చేశావు?" అన్నాను. "నెమ్మదిగా చెప్పు. మొత్తం చెప్పు."